శామ్‌సంగ్ 870 ఈవో: పాత ల్యాప్‌టాప్‌లో ఎనిమిది నెలల వాడకం తర్వాత

డిస్కు పాడవుతోందని మొదట నా చెవికి తెలిసింది. పుస్తకాల ప్రూఫులు దిద్దడం, పేజీలు కట్టడం నా పని. గదిలో రోజంతా నేనూ ల్యాప్‌టాపూ తప్ప మరో ప్రాణి ఉండదు. డిస్కు తిరిగే సన్నని గరగర తొమ్మిదేళ్ళుగా వింటున్నదే కాబట్టి అదొక శబ్దమని కూడా అనిపించేది కాదు. ఒకరోజు ఆ గరగర మధ్యలో టక్కుమంది. కాసేపాగి మళ్ళీ టక్కుమంది. అది వినిపించినప్పుడల్లా తెర మీద బాణం గుర్తు ఎక్కడిదక్కడే నిలిచిపోయేది. 380 పేజీల పుస్తకం ఫైలు తెరవమని చెప్పి, లేచి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది.

మా అన్నయ్య కొడుక్కి ఫోను చేస్తే, "అత్తా, ముందు దాని మీద పని ఆపు. ఉన్న ఫైళ్ళన్నీ వేరే చోటికి ఎక్కించు. కొత్త డిస్కు సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. నేను దానికి వ్యతిరేకంగా, ముందు కొత్త డిస్కు గురించే చదవడం మొదలుపెట్టాను. అది తప్పే. కాకపోతే ఆ చదువు వల్లే, చివరికి పెట్టుకున్న శామ్‌సంగ్ 870 ఈవో అనే డిస్కు గురించి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

ముందు జబ్బు నిర్ధారణ. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కల పట్టికను, అంటే స్మార్ట్ వివరాలను, అది చదివి చూపిస్తుంది. నాకు పసుపు రంగు హెచ్చరిక కనిపించింది. ఆ పట్టికలో చూడవలసిన వరుసలు కొన్నే. 05 అనే వరుస, పాడైపోయి వాటి బదులు వేరే చోటు కేటాయించిన సెక్టార్ల (డిస్కు రాసుకునే చిన్న గడుల) లెక్క. సీ5 అనేది ఇంకా దారుణం: చదవబోతే చదవలేక, ఏం చేయాలో తేల్చుకోలేక పక్కన పెట్టిన సెక్టార్లు. సీ7 వరుసలో అంకె పెరుగుతుంటే తప్పు డిస్కుది కాకుండా కేబులుది అయ్యే అవకాశం ఉంటుంది. నాకు సీ7 సున్నా, సీ5 మాత్రం 18. "పద్దెనిమిదేగా!" అని ధైర్యం తెచ్చుకున్నాను. మా అబ్బాయి (మేనల్లుడని వేరే చెప్పడం ఎందుకు, వాడు మా అబ్బాయే) నవ్వి, "అది పదహారు ఆధారంగా వేసే లెక్క అత్తా, మన లెక్కలో 24" అన్నాడు. ముప్పయ్యేళ్ళుగా అచ్చుతప్పులు పట్టుకుంటున్నదాన్ని, పట్టిక పైన ఏ లెక్కలో చూపిస్తున్నారో చూడకుండా అంకె చదివేశాను.

తర్వాత చేసిన తప్పుకు మాత్రం నవ్వే ఓపిక లేకపోయింది. పాతది 500 జీబీ, రెండున్నర అంగుళాల హార్డ్‌డిస్క్. అదే రకంలో 1 టీబీది తెప్పించాను. వెనక మూత విప్పి, పాతది తీసి, కొత్తది పెడితే అన్నీ సరిపోయాయి, మూత మాత్రం మూసుకోలేదు. రెండున్నర అంగుళాల డిస్కులన్నిటికీ పొడవు, వెడల్పు ఒకటే. మందం ఒకటి కాదు. 7 మిల్లీమీటర్లవి, 9.5వి, 12.5వి, 15వి కూడా ఉన్నాయి. నా యంత్రంలో చోటు 7 మిల్లీమీటర్లకే, వచ్చింది 9.5. పెట్టె మీద ఆ అంకె ఉంది. కాకపోతే "1 టీబీ" అన్నది అరచేయంత అక్షరాల్లోనూ, మందం చీమంత అక్షరాల్లోనూ ఉన్నాయి. దాన్ని తిప్పి పంపించేశాను. ఇందులో మీరు ఎవరైనా చేయవలసిన పని చిన్నదే: కొనకముందే పాత డిస్కు బయటికి తీసి స్కేలు పెట్టి కొలవండి. మందమైన చోట్లో సన్నది పెట్టుకోవచ్చు, కదలకుండా చుట్టూ ప్లాస్టిక్ చట్రం వేస్తే చాలు. సన్నని చోట్లో మందమైనది ఏ ఉపాయంతోనూ పట్టదు.

అది తిరిగి వెళ్ళడం ఒకరకంగా నా అదృష్టం. మళ్ళీ హార్డ్‌డిస్కే కొనాలా అని ఆలోచించే వ్యవధి దొరికింది. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్కులో, కావలసిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు తిరగాలి. దానికి 5.6 మిల్లీసెకన్లు. ముల్లు పక్కకు జరగడానికి ఇంకో పది పన్నెండు. అంటే చెల్లాచెదురుగా పడి ఉన్న చిన్నచిన్న ముక్కలను సెకనుకు అరవై డెబ్బై కంటే ఎక్కువ ఏరలేదు. కంప్యూటర్ లేచేటప్పుడు అలాంటి ముక్కలు వేలకువేలు చదవాలి. నేను మొక్కలకు నీళ్ళు పోసిన సమయమంతా ఆ ముల్లు అటూ ఇటూ పరిగెత్తిన సమయమే.

పైగా ఇప్పుడు దొరికే సన్నని, ఎక్కువ నిల్వ ఉన్న హార్డ్‌డిస్కుల్లో చాలావాటిలో రాత గీతలు పెంకుటింటి కప్పులా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తక్కువ చోట్లో ఎక్కువ పట్టడానికి ఈ ఏర్పాటు. పెంకుల కప్పు సంగతి తెలిసినవాళ్ళకు దీని ఇబ్బంది విడమరచి చెప్పనక్కరలేదు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీద ఎక్కి ఉన్నవన్నీ లేపి మళ్ళీ పరచాలి. ఒకసారి రాసి దాచుకునే ఫైళ్ళకు ఇది నిక్షేపం. రోజంతా రాసి, చెరిపి, మళ్ళీ రాసే కంప్యూటర్‌లో ఇదే ప్రధాన డిస్కు అయితే నరకం. కొన్ని తయారీ సంస్థలు ఈ సంగతి చెప్పకుండానే అమ్ముతున్నాయని 2020లో పెద్ద గొడవ కూడా జరిగింది.

కాబట్టి ఎస్‌ఎస్‌డీ. అంటే తిరిగే పళ్ళెం, ముల్లు లేకుండా చిప్పుల్లోని సన్నని కణాల్లో రాసుకునే డిస్కు. ఇక్కడ ఇంకో వల ఉంది. దుకాణాల్లో ఎక్కువ కనిపించేది ఎం.2 రకం, చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు ఉండే ముక్క. అది పెట్టాలంటే ల్యాప్‌టాప్‌లో దానికోసమే చేసిన స్లాటు ఉండాలి. ఉన్నా, ఆ స్లాటు ఏ రకం ముక్కను గుర్తుపడుతుందో మాన్యువల్లో చూడాలి. చూడటానికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌తో కొన్ని పాతదైన సాటా భాష మాట్లాడతాయి, కొన్ని కొత్తదైన ఎన్‌వీఎంఈ భాష. సాటా ఒక్కటే తెలిసిన స్లాటులో ఎన్‌వీఎంఈ ముక్క పెడితే యంత్రం దాన్ని గుర్తుపట్టనే పట్టదు. మీ ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ స్లాటు ఉంటే ఈ సమీక్ష ఇక్కడితో ఆపేసి హాయిగా అది కొనుక్కోండి, వేగం చాలా రెట్లు ఎక్కువ. నా పాతదానిలో అలాంటి స్లాటే లేదు. రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఒక్కటే దారి.

ఆ దారిలో అడుగుపెట్టాక ఒక విచిత్రం కనిపించింది. ఏ పెట్టె చూసినా సెకనుకు 560 మెగాబైట్లు, 550, 540. పోటీలో ఉన్నవాళ్ళందరికీ ఒకే మార్కులు వస్తే అనుమానించవలసింది ప్రశ్నపత్రాన్నే. సాటా తీగ గరిష్ఠ సామర్థ్యం సెకనుకు 6 గిగాబిట్లు. సంకేతాల ఖర్చు తీసేస్తే 600 మెగాబైట్లు, మిగతా తంతుకు ఇంకొంత పోతే 550 చిల్లర. అది తీగ వేగం, డిస్కు ప్రతిభ కాదు. పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న ఆ అంకె ఎంపికకు ఎందుకూ పనికిరాదు.

పనికొచ్చేవి చీమ అక్షరాలు. శామ్‌సంగ్‌లోనే 870 ఈవో, 870 క్యూవో అని రెండున్నాయి. పేరులో తేడా ఒక్క అక్షరం. ఒక్క అక్షరంతో అర్థం తారుమారైన వాక్యాలు దిద్దడమే నా బతుకు కాబట్టి అక్కడ ఆగాను. ఈవోలో ఒక్కో కణంలో మూడు బిట్లు (సున్నా, ఒకటి అంకెలు) దాస్తారు, క్యూవోలో నాలుగు. గ్లాసులో నీళ్ళ మట్టం చూసి అంకె చెప్పాలనుకోండి. మూడు బిట్లకు ఎనిమిది మట్టాలు గుర్తుపడితే చాలు, నాలుగింటికి పదహారు గుర్తుపట్టాలి. గీతలు దగ్గరయ్యేకొద్దీ రాయడం ఆలస్యం, అరుగుదల ఎక్కువ. 1 టీబీ క్యూవోలో వేగంగా రాసే తాత్కాలిక జాగా 42 జీబీ. ఒకే ఊపున అంతకుమించి రాస్తే వేగం సెకనుకు 80 మెగాబైట్లకు పడిపోతుందని వాళ్ళ వివరాల పత్రంలోనే ఉంది. దానికి హామీ మూడేళ్ళు లేదా 360 టీబీ రాత. అదే 1 టీబీ ఈవోకు అయిదేళ్ళు లేదా 600 టీబీ. పెద్ద అక్షరాల్లో రెండిటి చదివే వేగమూ ఒకటే: 560!

ఆ పత్రంలో ఈవో కణాలను "3బిట్ ఎంఎల్‌సీ" అని రాస్తారు. మామూలు వాడుకలో ఎంఎల్‌సీ అంటే రెండు బిట్లు, మూడు బిట్లయితే టీఎల్‌సీ. "ఒకటికంటే ఎక్కువ" అన్న అర్థంలో ఆ మాట తప్పు కాదు, అందుకే ప్రూఫులో కొట్టేయలేను. కానీ నా దగ్గరికి వచ్చిన పుస్తకమైతే పక్కన గీత గీసి ప్రశ్న గుర్తు పెట్టేదాన్ని.

ఇంకొకటి చూసుకోవాలి: డీర్యామ్ (చకచకా చదివే తాత్కాలిక మెమరీ) ఉందా లేదా. ఏ ఫైలు ముక్క ఏ కణంలో ఉందో చెప్పే విషయసూచిక ఒకటి ఎస్‌ఎస్‌డీకి ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. విడిగా డీర్యామ్ చిప్పు ఉంటే ఆ సూచిక అందులో ఉంటుంది. లేకపోతే మాటిమాటికీ పుస్తకం వెనక్కి తిప్పి వెతుక్కోవడమే. డీర్యామ్ లేని ఎన్‌వీఎంఈ డిస్కులు కంప్యూటర్ మెమరీలో కొంత అరువు తెచ్చుకుంటాయి, సాటా డిస్కులకు ఆ వెసులుబాటు లేదు. 1 టీబీ ఈవోలో 1 జీబీ డీర్యామ్ ఉంది. నా ఎంపిక అక్కడితో తేలిపోయింది.

బిగించడం కంటే పాతదాన్ని దించుకోవడమే పెద్ద పని. మామూలు క్లోనింగ్ (డిస్కుకు డిస్కు నకలు తీసే) ప్రోగ్రాములు చాలావరకు పాడైన సెక్టారు దగ్గరికి రాగానే చేతులెత్తేస్తాయి, లేదా దాన్నే పట్టుకుని గంటలకొద్దీ గుంజుతాయి. చావుబతుకుల్లో ఉన్న డిస్కుకు ఆ గుంజడమే ప్రాణాంతకం. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌ను విండోస్‌కు బదులు పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో లేపి, కొత్త డిస్కును యూఎస్‌బీ అడాప్టరుతో తగిలించి, డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం నడిపాడు. దాని పద్ధతి నాకు భలే నచ్చింది. కష్టమైన చోట ఆగదు. ముందు సులువుగా వచ్చేవన్నీ దించేసి, వదిలేసిన చోట్లను ఒక ఫైలులో గుర్తు రాసుకుని, చివర్లో వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ గుర్తుల ఫైలు ఉంటే ఆగిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చు. ఒక మాట మాత్రం: ఏది పాతదో ఏది కొత్తదో తారుమారు చేసి ఆదేశం ఇస్తే, ఖాళీ డిస్కును మీ ఫైళ్ళ మీద భద్రంగా రాసిపెడుతుంది. వాడు మీట నొక్కేముందు నా చేత మూడుసార్లు చదివించాడు. జీతం లేని ప్రూఫు.

అయిదు గంటలు పట్టింది. 500 జీబీలో రానిది 12 కిలోబైట్లు. అంతేనా అనుకున్నాను. వారం తర్వాత ఒక పాత పుస్తకం తెరిస్తే కొన్ని ఒత్తులు మాయమై ఉన్నాయి. ఒక చోట కాదు, పుస్తకమంతా. పోయిన ముక్కల్లో ఒకటి ఒక తెలుగు ఫాంటు ఫైలు మధ్యలో పడింది. ఫాంటు మళ్ళీ వేసుకుంటే సరిపోయింది కానీ, కారణం తెలిసేదాకా నా కళ్ళనే అనుమానించాను.

క్లోనింగ్ అయ్యాక కొత్త డిస్కులో సగం ఖాళీగా, ఎవరికీ చెందనట్టు కనిపిస్తుంది. కంగారు పడవద్దు. పాతది 500 జీబీ కాబట్టి దాని నకలు కూడా అంతే ఉంటుంది. సీ డ్రైవును పెంచబోతే విండోస్ ఒప్పుకోలేదు. కారణం, దానికీ ఖాళీ జాగాకూ మధ్య, విండోస్ పాడైతే బాగుచేసుకోవడానికి ఉంచే రికవరీ భాగం గోడలా కూర్చుంది. డిస్కు భాగాలను జరిపే జీపార్టెడ్ అనే ప్రోగ్రాముతో ఆ భాగాన్ని చివరికి జరిపి, తర్వాత సీని పెంచాం. మొత్తం 931 జీబీ చూపిస్తుంది. మిగతా 69 ఎవరూ తినలేదు. తయారీదారు వెయ్యేసి చొప్పున లెక్కపెడతాడు, విండోస్ 1024 చొప్పున.

పెట్టెలో డిస్కు, ఒక చిన్న కాగితం ఉంటాయి, అంతే. యూఎస్‌బీ అడాప్టరు, స్క్రూడ్రైవరు మీరే చూసుకోవాలి. మూతకు పది స్క్రూలు, వాటిలో రెండు రబ్బరు కాళ్ళ కింద దాక్కున్నాయి. పొడవులు వేరువేరు కావడంతో కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడ పెట్టుకున్నాను. మొట్టమొదట బ్యాటరీ తీగ ఊడదీయాలి.

ఇక ఫలితం. ముందు, మీట నొక్కిన దగ్గర నుంచి పని మొదలుపెట్టగలిగే వరకు మూడు నిమిషాల నలభై సెకన్లు. ఇప్పుడు ఇరవై రెండు సెకన్లు. వేగం కొలిచే ప్రోగ్రాములో వరుసగా చదివితే సెకనుకు 540 మెగాబైట్లు వచ్చింది. పాతదానికి దాదాపు వంద. ఇది అయిదు రెట్లు, బాగుంది. అసలు తేడా ఇంకో వరుసలో ఉంది: చెదురుమదురుగా చిన్న ముక్కలు చదివే పరీక్షలో పాతది 0.4, కొత్తది 38. తొంభై అయిదు రెట్లు. ఏ పెట్టె మీదా పెద్ద అక్షరాల్లో రాయని ఈ అంకె వల్లే నాకు ఇప్పుడు మొక్కలకు నీళ్ళు పోసే తీరిక లేదు.

అన్నీ మారాయని మాత్రం చెప్పను. 380 పేజీలను పీడీఎఫ్ చేయడానికి ముందు రెండు నిమిషాల పది సెకన్లు పట్టేది, ఇప్పుడు నిమిషం నలభై. ఆ పనిలో బరువంతా ప్రాసెసరుది, డిస్కు మారిస్తే దానికి వయసు తగ్గదు. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని విన్నాను, నాకైతే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎడమ అరచేతి కింద ఎప్పుడూ ఉండే వెచ్చదనం మాత్రం పోయింది.

ఎనిమిది నెలల్లో దీని మీద రాసిన మొత్తం, క్లోనింగ్‌తో కలిపి, 4.9 టీబీ అని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చెబుతోంది. ఈ లెక్కన 600 టీబీ పూర్తి కావడానికి ఎనభై ఏళ్ళు పైన పడుతుంది. నాకిప్పుడు యాభై నాలుగు. రాతలతో ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని భయపడి ఫైళ్ళు భద్రపరచడం తగ్గించుకునేవాళ్ళు ఈ కూడికా భాగహారమూ ఒకసారి చేసుకోవాలి.

నన్ను నిజంగా కలవరపెట్టేవి వేరే రెండున్నాయి. అవి ఈ ఒక్క డిస్కువే కావు, ఎస్‌ఎస్‌డీ జాతి లక్షణాలు. మొదటిది, తుడిచిన ఫైలు తిరిగి రాదు. హార్డ్‌డిస్కులో ఫైలు తుడిచినా, దాని మీద ఇంకోటి రాసేదాకా అక్షరాలు అక్కడే ఉండేవి, వెలికితీసే ప్రోగ్రాములు ఉండేవి. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఆదేశం వెళ్ళాక ఆ చోటును డిస్కు తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. రెండో నెలలో పొరపాటున ఒక పుస్తకం ఫోల్డరు పూర్తిగా తుడిచేశాను, చెత్తబుట్టలోంచి కూడా. వెలికితీసే ప్రోగ్రాము ఫైళ్ళ పేర్లు చూపించింది, తెరిస్తే లోపలంతా సున్నాలు. ముందురోజు రాత్రి బయటి డిస్కులోకి ఎక్కించిన నకలు ఉండబట్టి ఒక్కరోజు పనితో బయటపడ్డాను.

రెండోది, ఇది టక్కుమనదు. పాత డిస్కు పోయేముందు నెలరోజులు దగ్గింది. ఎస్‌ఎస్‌డీలు పోయేటప్పుడు చాలాసార్లు అలా చెప్పిపోవు. పొద్దున కంప్యూటర్ తెరిస్తే డిస్కే లేదంటుంది. అందుకని వారానికొకసారి నకలు తీసుకోవడం నాకు వాకిలి ఊడ్చినంత అలవాటైంది. ఆ నకళ్ళ కోసం కొన్నది మళ్ళీ హార్డ్‌డిస్కే, ఆ పెంకుల కప్పు రకమే. రాసి దాచుకోవడానికి అది చాలు. ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా సొరుగులో ఏళ్ళతరబడి పడేసి ఉంచడం మంచిది కాదు. ప్రమాణాల ప్రకారం, హామీ ఇచ్చిన రాతంతా అయిపోయిన డిస్కు 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది పాటు అక్షరాలు నిలుపుకుంటే చాలు.

అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించడానికి కారణం "3బిట్ ఎంఎల్‌సీ" అన్న మాట. మీకు రోజూ పెద్దపెద్ద వీడియోలు తీసుకుని పోసే పని లేకపోతే, ఫైళ్ళు రాయడం తక్కువ, చదవడం ఎక్కువ అయితే, క్యూవో కూడా సరిపోతుంది. నాలుగు బిట్లది అని తెలిసి కొనుక్కుంటే అందులో మోసమేమీ లేదు.

పాత డిస్కును ఊరికే పారేయడానికి మనసొప్పలేదు, రచయితల అచ్చుకాని రాతప్రతులు అందులో ఉన్నాయి. మా అబ్బాయి నక్షత్రం ఆకారపు స్క్రూలు విప్పి లోపలి పళ్ళెం బయటికి తీశాడు. అద్దంలా మెరుస్తోంది. వంచబోతే ఆపాను: ఈ సైజు డిస్కుల్లో చాలావాటి పళ్ళేలు గాజువి, పెళుక్కుమని కళ్ళల్లో పడతాయి. గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టాం. ముల్లును కదిపే అయస్కాంతాలు రెండు వచ్చాయి, వేలి గోరంతవి, చెయ్యి లాగేంత బలం. ఇనుప బీరువా తలుపుకు వాటితో ఈ వారం ప్రూఫులు తగిలించాను. ఇరవై కాగితాలు కలిపి పెట్టినా జారడం లేదు.